నల్ల గొర్రెల ఉన్నితో వ్యాపారం: గొంగడికి ఎంత ధర చెప్పాలి?

సిద్దిపేట జిల్లాలోని ఒక గ్రామం నుంచి ఇరవై తొమ్మిదేళ్ల పాఠకురాలు, పేరు ప్రచురించవద్దని కోరుతూ, సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. వారిది తరతరాలుగా గొర్రెలు కాచే కురుమ కుటుంబం. ఆమె బీకాం చదివి హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు సంస్థలో పద్దులు చూసే ఉద్యోగం చేస్తుండగా, తండ్రికి మోకాళ్ల నొప్పులు ముదిరి మంద వెంట నడవలేని పరిస్థితి రావడంతో ఇంటికి తిరిగి వచ్చారు. ఇప్పుడు మందను అన్నయ్య కాస్తున్నారు. 42 తల్లి గొర్రెలు, 2 పొట్టేళ్లు ఉన్నాయి. అన్నీ దక్కనీ జాతి నల్ల గొర్రెలే. నిరుడు 27 పిల్లలను అమ్మితే 1,90,000 రూపాయలు, ఎరువు కోసం రైతుల పొలాల్లో మంద నిలిపినందుకు 18,000 రూపాయలు వచ్చాయి. మందులకు, ఎండాకాలపు మేతకు, ఇతరత్రా 46,000 ఖర్చయింది. రెండు కత్తిరింపుల్లో కలిపి 26 కిలోల ఉన్ని వచ్చింది. వ్యాపారి కిలోకు 12 రూపాయలకు మించి ఇవ్వనన్నాడు. కత్తిరించేవారికి మాత్రం గొర్రెకు 30 రూపాయల చొప్పున రెండుసార్లు చెల్లించవలసి వచ్చింది.

ఆ ఉన్నిని శుభ్రం చేసి ఏకిన (పోగులు విడదీసిన) తర్వాత 20 కిలోలు మిగులుతుందని, పక్కింటామెకు ఏకినందుకు గొంగడికి 600 రూపాయలు ఇస్తున్నామని, అమ్మ రోజుకు మూడు నాలుగు గంటలు వడికితే ఒక గొంగడికి కావలసిన రెండున్నర కిలోల నూలుకు నెల పడుతుందని రాశారు. మేనమామ గుంట మగ్గం మీద నేస్తారు. పడుగు (మగ్గం మీది నిలువు దారాలు) వేయడం, గంజి పట్టించడం, నేయడం కలిపి నాలుగు రోజుల పని, దానికి ఆయన వెయ్యి రూపాయలు తీసుకుంటారు. ఇటీవల నగరంలోని ఒక దుకాణం వారు గొంగడి చూసి ముచ్చటపడి, దీపావళికల్లా 20 కావాలని, ఒక్కోదానికి 2,800 రూపాయలు ఇస్తామని చెప్పారు. అమ్మ సంతోషించారు. అన్నయ్య మాత్రం నల్ల గొర్రెలను అమ్మేసి నెల్లూరు జాతి తెద్దామంటున్నారు. కూలీ పెంచి ఇస్తానంటే మేనమామ “ఇంటి పిల్లతో లెక్కలేమిటి” అని నొచ్చుకున్నారు. సబ్సిడీ రుణం తీసుకుని మందను వందకు పెంచాలా, వీడియోల్లో చూసిన అంగోరా కుందేళ్లను కూడా తేవాలా, అసలు గొంగడికి ఎంత చెప్పాలి అన్నవి ఆమె ప్రశ్నలు. “నా ఆశ కోసం ఇంటిల్లిపాదినీ నష్టపెడుతున్నానా?” అని ఉత్తరం ముగించారు.

మీ ఉత్తరంలో అంకెలు ఇంత వివరంగా ఉండడం వల్ల నా పని సులువైంది. అయితే మీరు మూడు నాలుగు వేర్వేరు విషయాలను ఒకే ముడిగా వేసుకున్నారు. ఏ జాతి గొర్రెలను పెంచాలన్నది ఒక ప్రశ్న. ఉన్నితో వస్తువులు చేసి అమ్మాలా అన్నది మరొకటి. ఆ వస్తువుకు ధర ఎంత అన్నది మూడోది. మీ అన్నయ్యతో వాదన వచ్చినప్పుడల్లా ఈ మూడూ కలిసిపోతున్నాయి కాబట్టే ఏ ఒక్కటీ తేలడం లేదు. ముందు వాటిని విడదీసి చూద్దాం.

మీ అన్నయ్య మాటతోనే మొదలుపెడతాను, ఎందుకంటే ముడి ఉన్ని విషయంలో ఆయన లెక్క సరైనది. 26 కిలోలను 12 రూపాయల చొప్పున అమ్మితే 312 రూపాయలు వస్తాయి. 44 గొర్రెలకు రెండుసార్లు కత్తిరింపునకు 2,640 రూపాయలు పోతాయి. ఉన్నిని ఉన్నిగా అమ్మేంతకాలం నల్ల గొర్రె ఒంటిమీది బొచ్చు కాపరికి భారమే. ఇది మీ ఇంటి ఒక్క కథ కాదు. 2019 పశుగణన ప్రకారం 1.91 కోట్ల గొర్రెలతో తెలంగాణ దేశంలో మొదటి స్థానంలో, 1.76 కోట్లతో ఆంధ్రప్రదేశ్ రెండో స్థానంలో ఉన్నాయి. అయినా ఈ రెండు రాష్ట్రాల్లో ఉన్ని వ్యాపారం అంటూ చెప్పుకోదగ్గది లేదు. నెల్లూరు గొర్రెకు ఒంటిమీద పొట్టి వెంట్రుకలే తప్ప ఉన్ని ఉండదు, మాంసం కోసం చాలా మందలు అటువైపే మళ్లాయి. 2017లో తెలంగాణ ప్రభుత్వం 20 తల్లి గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున 75 శాతం సబ్సిడీతో పంచినప్పుడు పొరుగు రాష్ట్రాల నుంచి వచ్చిన గొర్రెలతో ఆ మార్పు ఇంకా వేగం పుంజుకుంది. మీ అన్నయ్య చుట్టూ చూస్తున్నది ఇదే. ఆయన సంప్రదాయం మీద ప్రేమ లేని మనిషి కాదు. రోజూ ఎండలో మంద వెంట నడిచే మనిషి. ఆయన మాటను ఆ గౌరవంతోనే వినండి.

ఇప్పుడు రెండు పద్దులు వేరుచేయండి. మొదటి పద్దులో మందను, రెండో పద్దులో ఉన్నిని రాయండి. మంద పద్దులో నిరుటి ఆదాయం 2,08,000, ఖర్చు 46,000, మిగులు 1,62,000 రూపాయలు. నెలకు 13,500. ఇది లాభం అని మీరు రాశారు కానీ, ఇందులో మీ అన్నయ్య ఏడాది పొడవునా చేసిన కాపు పనికి కూలీ లెక్కించలేదు. కాబట్టి ఇది ఆయన జీతం, అంతే. ఈ డబ్బులోంచి ఉన్ని పనికి ఒక్క రూపాయి కూడా వెళ్లకూడదు, ఉన్ని మీద వచ్చినది మందకు వెళ్లకూడదు. కత్తిరింపు ఖర్చు 2,640 రూపాయలను ఇకపై ఉన్ని పద్దే భరించాలి. ఈ ఒక్క మార్పుతో మీ అన్నయ్యకు ఉన్న ప్రధాన ఫిర్యాదు తీరిపోతుంది, ఎందుకంటే ఆయన దృష్టిలో బొచ్చు కత్తిరింపు ఆ తర్వాత ఉచితమవుతుంది.

దుకాణం వారి ఆర్డరు గురించి చెప్పవలసిన మాట ధర కన్నా ముందు వస్తుంది. మీ దగ్గర ఏకిన ఉన్ని ఏడాదికి 20 కిలోలు. గొంగడికి రెండున్నర కిలోల చొప్పున అది 8 గొంగళ్లకు సరిపోతుంది. ఎనిమిదికి నెలకొకటి చొప్పున అమ్మ ఎనిమిది నెలలు రోజూ కూర్చోవాలి. మీరు ఒప్పుకోబోతున్న 20 గొంగళ్లు మీ మంద రెండున్నరేళ్ల ఉన్ని, మీ అమ్మ ఇరవై నెలల శ్రమ. పైగా దీపావళికి అందాలంటే పని అంతా వానాకాలంలో జరగాలి. చింతగింజల గంజి పట్టించిన పడుగు వాకిట్లో సాగదీసి ఎండలో ఆరితే తప్ప మగ్గం ఎక్కదని మీ మామయ్యకు బాగా తెలుసు. ముసురు పట్టిన వారంలో ఆ పని ఆగిపోతుంది. ఒప్పుకుని, అందించలేక, మొదటి కొనుగోలుదారు దగ్గరే మాట పోగొట్టుకోవడం కన్నా ఇప్పుడే కాదనడం మేలు.

ఇక ధర. మీరు ఉత్తరంలో ఉన్ని ధర రాశారు, ఏకిన ఖర్చు రాశారు, మామయ్య కూలీ రాశారు, బస్సు ఛార్జీలు కూడా రాశారు. అమ్మ వడికిన పనికి ఎదురుగా ఏ అంకే రాయలేదు. నిజానికి గొంగడిలో అన్నిటికన్నా పెద్ద ఖర్చు అదే. రోజుకు మూడున్నర గంటల చొప్పున నెల రోజులంటే వంద గంటలకు పైమాటే. వంద గంటలనే తీసుకుందాం. 2025-26 ఆర్థిక సంవత్సరానికి తెలంగాణలో ఉపాధి హామీ కూలీ రోజుకు 307 రూపాయలు. ఎనిమిది గంటలను ఒక రోజుగా లెక్కిస్తే వంద గంటలు పన్నెండున్నర రోజులు, అంటే దాదాపు 3,840 రూపాయలు. మట్టి పనికి ప్రభుత్వం కట్టిన కూలీని నూలు వడికే నేర్పుకు కట్టినా, కేవలం వడకడానికే 3,840 అవుతోంది. దుకాణం వారు మొత్తం గొంగడికి ఇస్తామన్నది 2,800. అమ్మ సంతోషించడం సహజమే, ఆ డబ్బు ఆవిడకు చేతికి వచ్చినట్టు కనిపిస్తుంది. కానీ ఆ ధరకు అమ్మిన ప్రతి గొంగడితోనూ దుకాణానికి మీ అమ్మ తన వంద గంటల్లో చాలా భాగం ఊరికే ఇచ్చినట్టవుతుంది.

మిగిలిన లెక్క కూడా అదే పద్ధతిలో కడదాం. కత్తిరింపు ఖర్చు ఎనిమిది గొంగళ్లకు పంచితే ఒక్కోదానికి 330. ఏకడానికి 600. వడకడానికి 3,840. మామయ్యవి నాలుగు రోజులు. మీ ఊళ్లో తాపీ మేస్త్రీకి ఇచ్చే కూలీ కన్నా ఆయన నేర్పుకు తక్కువ ఇవ్వడం న్యాయం కాదు, రోజుకు 700 అనుకుంటే 2,800. చింతగింజలు, కట్టెలు, మగ్గం మరమ్మతు, సంచి, రవాణా అన్నీ కలిపి 400. ఇప్పటికి 7,970. మీరు ఫొటోలు తీసి, ఫోన్లలో మాట్లాడి, మూట కట్టి పంపడానికి ఒక్కో గొంగడికి ఒక రోజు పడుతుంది కాబట్టి దానికి 500 వేయండి. మొత్తం 8,470. చెడిపోయిన గొంగడి, అమ్ముడుపోని గొంగడి, వచ్చే ఏడాది ఖర్చులు వీటన్నిటికీ 15 శాతం కలిపితే 9,740 రూపాయలు. మీరు నేరుగా వాడుకునేవారికి అమ్మే ధర ఇది. నా 700కు బదులు మీ ఊరి కూలీ వేసుకోండి, వందకు బదులు అమ్మ వడికిన అసలు గంటలు గడియారం చూసి ఒక నెల రాసుకుని అవి వేసుకోండి. అంకెలు మారినా లెక్క కట్టే వరుస మాత్రం మార్చకండి.

ఈ అంకె చూసి మీరు భయపడతారని తెలుసు. ఇంత ధరకు ఎవరు కొంటారన్నది న్యాయమైన ప్రశ్నే. కొనేవారు కొద్దిమంది ఉంటారు; మీ దగ్గర ఉన్నవి కూడా ఏడాదికి ఎనిమిదే. అయితే ఆ కొద్దిమంది ఏం కొంటున్నారో వారికి స్పష్టంగా చెప్పాలి. దక్కనీ ఉన్ని ముతకది, ఒంటికి గుచ్చుకుంటుంది. దాన్ని శాలువా అనో, మెత్తని దుప్పటి అనో చెప్పి అమ్మితే మొదటి రాత్రికే తిరిగి వస్తుంది. భారతదేశంలో వచ్చే ఉన్నిలో దాదాపు 85 శాతం తివాచీ రకం, సుమారు 5 శాతం మాత్రమే ఒంటిమీది బట్టలకు పనికివచ్చేది, మిగతా 10 శాతం కంబళ్ల ముతక రకం. మీది ఆ చివరి వర్గానికి చెందిన ఉన్ని, దానిలోనే దాని బలం ఉంది. తలమీదుగా కొప్పెరలా కప్పుకుంటే వానలో కాపరి ఒంటిని కాపాడేది, చేను గట్టు మీద పరుచుకుంటే చెమ్మ పైకి రానివ్వనిది ఆ ముతకదనమే. నేల మీద పరుచుకోవడానికి, మంచం మీద పరుపు కింద వేసుకోవడానికి, ధ్యానానికి కూర్చునే ఆసనంగా, గోడకు వేలాడదీయడానికి అమ్మండి. రంగు వేయలేదని, ఆ నలుపు గొర్రె నలుపేనని రాయండి. పిల్ల గొర్రెల మొదటి కత్తిరింపులో వచ్చే ఉన్ని మిగతా దానికన్నా మెత్తగా ఉంటుంది కాబట్టి దాన్ని మిగతా ఉన్నిలో కలిపేయకుండా వేరే సంచిలో ఉంచితే, దానితో చేసిన చిన్న గొంగడికి ఎక్కువ ధర అడగవచ్చు.

9,740 దొరకదని తేలితే ధర తగ్గించే ముందు పని గంటలు తగ్గించే దారి వెతకండి. చేతి కదురు స్థానంలో కాలితో తొక్కే రాట్నమో, కరెంటు రాట్నమో వస్తే వడికే సమయం తగ్గుతుంది. సగమైతే ఒక్కో గొంగడి మీద 1,920 రూపాయలు దిగుతుంది. నూలు అంత సమంగా మెలిపడకపోవచ్చు, మొదట్లో తెగుతుంది, అమ్మకు చేయి కుదరడానికి కొన్ని నెలలు పట్టవచ్చు. పడుగుకు పత్తి దారం వాడి, అడ్డంగా నేసే పేకకు మాత్రమే ఉన్ని వాడడం మరో మార్గం. ఉన్నిలో కొంత భాగం, వడికే పనిలో కొంత భాగం మిగులుతాయి, గంజి పని తేలికవుతుంది. కానీ అది పూర్తి ఉన్ని గొంగడి కాదు, ఆ సంగతి కొనేవారికి ముందే చెప్పి తీరాలి; దేవుడి కార్యాలకు గొంగడి కొనే మీ కులపు పెద్దలు దాన్ని అంగీకరించకపోవచ్చు కూడా. అసలు వడకవలసిన అవసరమే లేని వస్తువుల వైపు చూడడం మూడోది. రాజస్థాన్‌లోని టోంక్ ప్రాంతంలో ఉన్నిని వడకకుండా తడిపి, నొక్కి, అట్టలా చేసి నమ్దాలు తయారుచేస్తారు. కేంద్ర గొర్రెల, ఉన్ని పరిశోధన సంస్థ ఉన్న అవికానగర్ ఆ జిల్లాలోనే ఉంది. మీ ముతక ఉన్ని ఎంతవరకు అతుక్కుంటుందో ఒక కిలోతో ప్రయోగం చేసి చూసిన తర్వాతే దానిమీద ఆశ పెట్టుకోండి.

నూలు ఉండలుగా అమ్మాలని కూడా మీకు ఆలోచన ఉన్నట్టు రాశారు. అక్కడా ఇదే లెక్క వర్తిస్తుంది. రెండున్నర కిలోలకు వంద గంటలంటే కిలోకు నలభై గంటలు, 1,535 రూపాయలు. కత్తిరింపు, ఏకడం కలిపి కిలోకు మరో 372. అంటే 100 గ్రాముల ఉండ మీకే 190 రూపాయలు పడుతుంది, మీ సమయం, కాగితం, పోస్టు ఛార్జీ ఇంకా వేయలేదు. 250కి తక్కువైతే అమ్మకండి.

మీ స్వంత రాబడి గురించి కూడా దాపరికం లేకుండా చెప్పాలి. ఎనిమిది గొంగళ్లూ 9,740 చొప్పున అమ్ముడైతే ఉన్ని పద్దులో ఏడాదికి సుమారు 78,000 రూపాయలు వస్తాయి. అందులో అమ్మకు 30,720, మామయ్యకు 22,400. మీ సమయానికి, మిగులుకు కలిపి మీకు దక్కేది దాదాపు 14,000, అదీ ఒక్కటి కూడా చెడిపోకుండా ఉంటే. హైదరాబాద్‌లో మీరు వదిలి వచ్చిన జీతంతో దీన్ని పోల్చకండి, ఇది దానికి బదులు కాదు. కాబట్టి దగ్గర్లో ఎవరికైనా పద్దులు రాసిపెట్టే పని కొంత చేసుకుంటూ దీన్ని నడపడం ఒక మార్గం. నా అభిప్రాయంలో మొదటి రెండేళ్లూ అదే క్షేమం. మరో మార్గం పెంచడం. అయితే ఏది పెంచాలో మీ లెక్కే చెబుతోంది. మీ చుట్టుపక్కల నల్ల గొర్రెల మందలవారు ఉన్నిని పారేస్తున్నారని, లేదా 12 రూపాయలకు ఇచ్చేస్తున్నారని మీరే రాశారు. వారికి కిలోకు 40 ఇచ్చినా ఒక గొంగడికి కావలసిన మూడుంబావు కిలోల ముడి ఉన్ని 130 రూపాయలకే వస్తుంది, మీ కత్తిరింపు ఖర్చు కన్నా అది తక్కువ. ఉన్నికి కొరత లేదు. కొరత ఉన్నది వడికే చేతులకు. మీ ఊళ్లో వడకడం వచ్చిన అత్తమ్మలు, అమ్మమ్మలు ఇంకెంతమంది ఉన్నారు? వారిలో ఇద్దరు రోజుకు మూడు గంటలు కేటాయించి, నూలు తూకం వేసి ఇచ్చిన రోజే డబ్బు తీసుకునేటట్టయితే మీ వ్యాపారం మూడింతలవుతుంది, ఒక్క గొర్రె కూడా కొనకుండా.

అందుకే సబ్సిడీ రుణం విషయంలో నేను వెనకాడతాను. జాతీయ పశుసంవర్ధక మిషన్ కింద గొర్రెల యూనిట్లకు 50 శాతం పెట్టుబడి సబ్సిడీ ఉంది, అది 100 తల్లి గొర్రెలు, 5 పొట్టేళ్ల స్థాయి నుంచి మొదలవుతుంది. సబ్సిడీ ఒకేసారి చేతికి రాదు. మిగతా సగం బ్యాంకు రుణంగానో, సొంత డబ్బుగానో మీరే పెట్టాలి. వంద గొర్రెలకు మేపు ఎక్కడుంది? మీ నాన్నగారు నడవలేరు, అన్నయ్య ఒక్కరే. ఒక వానాకాలంలో నీలి నాలుక వ్యాధో, చిటుకు రోగమో మందలో పడితే కిస్తీ ఆగదు. మీ అన్నయ్య మాంసం కోసం మందను పెంచుకోవాలనుకుని ఆ రుణం తీసుకుంటే అది ఆయన నిర్ణయం, ఆయన పద్దు. టీకాలు, నట్టల మందు, బీమా సమయానికి జరుగుతాయనుకుంటే అది ఆలోచించదగ్గదే. ఉన్ని కోసం మాత్రం ఆ రుణం అక్కరలేదు. మీకు కావలసింది గొంగడి అమ్ముడుపోకముందే వడికినవారికి, నేసినవారికి చెల్లించడానికి చేతిలో ఉండే కొద్దిపాటి డబ్బు. నాలుగు గొంగళ్లు ఒకేసారి పనిలో ఉంటే 32,000 రూపాయలు చాలు. అమ్మ సభ్యురాలిగా ఉన్న మహిళా సంఘం నుంచి ఆ మొత్తం తీసుకోవడం, ఇల్లో మందో తాకట్టు పెట్టడం కన్నా ఎంతో నయం.

అంగోరా కుందేళ్ల విషయం ఇక్కడితో వదిలేయండి. అవి చల్లని ప్రాంతపు జీవాలు. మన దేశంలో వాటి పెంపకం హిమాచల్‌ప్రదేశ్, ఉత్తరాఖండ్ కొండల్లో సాగుతోంది, వాటి మీద పరిశోధన చేసే కేంద్రం కూడా కులూ లోయలోని గర్సాలో ఉంది. ఒళ్లంతా ఉన్నితో ఉండే ఆ జీవం సిద్దిపేట ఏప్రిల్ ఎండకు తట్టుకోలేదు. కూలర్లు పెట్టి బతికించినా ఆ కరెంటు ఖర్చు ఉన్ని తీర్చదు.

జాతి మార్పు గురించి మీ అన్నయ్యతో ఎలా మాట్లాడాలని అడిగారు. ఉన్ని బయట కూడా దొరుకుతుంది కాబట్టి మంద మొత్తం నల్లగా ఉండి తీరాలని మీరు పట్టుబట్టవలసిన అవసరం లేదు. ఈ మాట మీ నోటి నుంచే ముందు వస్తే ఆయన గొంతు కూడా తగ్గుతుంది. మీ ముందు మూడు దారులు ఉన్నాయి. అన్నీ అలాగే ఉంచితే ఆయన మాంసం రాబడి పెరగదు, ఆ అసంతృప్తి ప్రతి సంతలోనూ మళ్లీ లేస్తుంది. అన్నీ మార్చేస్తే పిల్లలు బరువు ఎక్కువ తూగవచ్చు, కానీ కొత్త చోటికి వచ్చిన గొర్రెలు ఇక్కడి మేతకు, నడకకు అలవాటుపడే మొదటి ఏడాది నష్టాలు ఉంటాయి. అంతకు మించి, వెనక్కి రావాలంటే కష్టం. చుట్టూ ఉన్న మందల్లో పొట్టేళ్లన్నీ సంకరమైనవే అయ్యాక మేలైన నల్ల పొట్టేలును వెతుక్కుంటూ మీరు జిల్లాలు దాటి వెళ్లవలసి వస్తుంది. మూడోది, మీ 42లో ఉన్ని దట్టంగా వచ్చే ఇరవైని ఎంచి ఉంచుకుని, మిగిలిన వాటి స్థానంలో ఆయనకు నచ్చినవి తెచ్చుకోవడం. నాకు ఇది సమంజసంగా తోస్తోంది. కానీ రెండు రకాలూ ఒకే మందగా మేస్తే పిల్లలన్నీ కలగాపులగం అవుతాయి. కాబట్టి ఎదకు వచ్చే కాలంలో పగలు పొట్టేళ్లకు పొట్ట కింద గుడ్డ కట్టి, రాత్రి అది విప్పి ఒక్కో రకాన్ని దాని పొట్టేలుతో వేరే దొడ్లో ఉంచాలి, నల్ల పొట్టేలును రెండేళ్లకోసారి మరో మందవారితో మార్చుకోవాలి. ఆ అదనపు శ్రమ అన్నయ్య మీదే పడుతుంది. దానికి ప్రతిఫలంగా ఉన్ని పద్దు నుంచి ఆయనకు కిలో ఉన్నికి 40 రూపాయలు, అంటే బయటివారికి ఇచ్చే ధరే, చెల్లించండి. నల్ల గొర్రె బొచ్చుకు ఆయన చేతికి తొలిసారి డబ్బు వస్తుంది. అప్పుడు నేను లెక్క కట్టిన 330కి మరో 130 కలపాలని మరచిపోకండి. 15 శాతంతో కలిపి ధర 9,740 నుంచి 9,890 అవుతుంది.

అమ్మ, మామయ్య విషయం అన్నిటికన్నా సున్నితమైనది. మేనమామకు మేనకోడలు కూలీ ఇవ్వడమేమిటని ఆయన నొచ్చుకున్నారంటే అది డబ్బు మీద అయిష్టం కాదు, వరుస తగ్గిపోతుందన్న బాధ. ఆయనతో కూలీ పెంచుతానని అనకండి. కొనేవారు గొంగడికి ఇంత ఇస్తున్నారని, అందులో మగ్గం వాటా ఇదని, ఇది తీసుకోకపోతే ఆ డబ్బు మీ దగ్గర అన్యాయంగా మిగిలిపోతుందని చెప్పి, అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని ఇవ్వండి. ఎప్పుడు ఇస్తారన్నది కూడా ముఖ్యమే: గొంగడి మగ్గం దిగిన రోజే ఇవ్వాలి, అమ్ముడుపోయిన రోజు కాదు. అమ్ముడుపోకపోతే ఆ నష్టం వ్యాపారం చేసే మీది, నేసిన ఆయనది కాదు. అమ్మ వాటా అమ్మ పేరు మీదున్న ఖాతాలోనే పడాలి. ఆవిడ దాన్ని ఇంటి ఖర్చుకే వాడతారేమో, వాడనివ్వండి; కానీ అది ఆవిడ ఇచ్చినదిగా లెక్కలో ఉండాలి. ఒకటి మాత్రం ముందే అడగండి: రోజుకు మూడున్నర గంటలు కూర్చుని వడకడం ఆవిడ నడుముకు, కళ్లకు ఎంతకాలం సాధ్యం? ఆవిడ నెలకు సగమే చేయగలనంటే ఏడాదికి నాలుగు గొంగళ్లే మీ ప్రణాళిక, మిగతాది ఇతరులు వడికినది.

ఇన్నాళ్లూ మీ మామయ్య దగ్గరికి వచ్చే కాపరులను, బీరప్ప, మల్లన్న కొలుపులకు గొంగడి కావలసినవారిని ఈ కొత్త ధర దూరం చేస్తుందన్న సందేహం మీ ఉత్తరం చివర ఉంది. వారికి పాత పద్ధతి అలాగే ఉండనివ్వండి: తమ గొర్రెల ఉన్ని, తమ ఇంట్లో వడికిన నూలు తెచ్చి ఇచ్చి, నేత కూలీ మాత్రమే చెల్లించి తీసుకువెళతారు. అది మామయ్యకు, వారికి మధ్య ఉన్న వ్యవహారం. మీ వ్యాపారం దానిలో తలదూర్చకూడదు, ఆ రోజులను ఆయన నుంచి లాక్కోకూడదు. ఏడాదిలో ఆయన మగ్గం మీద మీకోసం ఎన్ని రోజులు ఖాళీగా ఉంటాయో అడిగి తెలుసుకున్న తర్వాతే ఎవరికైనా తేదీ చెప్పండి.

దుకాణం వారికి ఇలా జవాబు రాయవచ్చు: ఈ సీజనులో మూడు గొంగళ్లు మాత్రమే ఇవ్వగలం, సగం డబ్బు ముందు, మిగతాది అందిన రోజు; వానల వల్ల రెండు మూడు వారాలు అటూ ఇటూ కావచ్చు. ధర విషయంలో వారు సాధారణంగా కొన్నదానికి రెట్టింపు వేసి అమ్ముతారు కాబట్టి తక్కువకే అడుగుతారు; అయినా మీ 8,470 కింద ఏ ధరకూ దిగకండి, దిగితే మీ సమయం పోయి, ఆ తర్వాత అమ్మ సమయం పోతుంది. వారు ఒప్పుకోకపోతే, ఒప్పుకోకపోయే అవకాశమే ఎక్కువ, గొంగళ్లను వారి దగ్గర ప్రదర్శనకు ఉంచి, అమ్ముడైన వాటి మీద 20 శాతం వారికి ఇచ్చే ఏర్పాటు అడగండి. అప్పుడు ఆ 20 శాతం పోయినా మీ 8,470 దక్కేలా అక్కడి ధర 10,600 పెట్టించాలి. అలా ఉంచిన సరుకుకు బట్టల పురుగు పడితే ఎవరి బాధ్యతో కాగితం మీద రాయించుకోండి, ఉన్ని సరుకు విషయంలో ఇది తప్పకుండా వచ్చే తగాదా. దానికీ వారు సిద్ధంగా లేకపోతే చిన్న ఆసనాలు ఇవ్వండి. ముప్పావు కిలో నూలుతో అయ్యే ఆసనానికి గొంగడి లెక్కలో మూడో వంతు కన్నా తక్కువ శ్రమ పడుతుంది, కొనేవారికి కూడా చేతికి అందే ధరలో ఉంటుంది, అమ్మ వారం పది రోజుల్లో ఒకటి ముగించగలరు.

వచ్చే కత్తిరింపునకు ఇంకా సమయం ఉంది. ఆ రోజు ప్రతి గొర్రె ఉన్నినీ విడిగా తూకం వేసి, చెవి గుర్తుతో పాటు పుస్తకంలో రాసుకోండి. మందలో ఏ ఇరవై ఉంచుకోవాలన్న మాట మీకూ అన్నయ్యకూ మధ్య వచ్చినప్పుడు ఆ పుస్తకం ముందు పెట్టుకుని ఇద్దరూ కలిసి ఎంచుకోవచ్చు.